మూడో గుండీ

గుండీ తనదే, కుట్టు మాత్రం తనది కాదు. కొండదారిలో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా పక్కనున్న భర్త భుజం వచ్చి ఆమె భుజానికి తగులుతోంది. చలిగా ఉంటుందని తన కోటు విప్పి ఆమె ఒళ్లో కప్పాడు ఆయన. తను ఉత్త స్వెటరుతో కూర్చుని, నాకేం చలి లేదంటూనే పళ్లు టకటకలాడిస్తున్నాడు. ఆ కోటు కింద, ఎవరి కంటా పడకుండా, ఆమె బొటనవేలూ చూపుడువేలూ పైనుంచి మూడో గుండీని పట్టుకుని, బస్సెక్కిన దగ్గర్నుంచీ వదల్లేదు. తొమ్మిదేళ్ల కిందట తనే కొలిచి, తనే కత్తిరించి, తనే కుట్టిన కోటు అది. ఐదు గుండీలు. మందపాటి గుడ్డ మీద గుండీని అంటించినట్టు కుట్టకూడదు. గుండీకీ గుడ్డకీ మధ్య కాస్త సందు వదిలి, ఆ సందులో కనపడే దారాల చుట్టూ దారం చుట్టాలి, అప్పుడది చిన్న కాడ మీద నిలబడ్డట్టు నిలబడుతుంది. తను ఆరు చుట్లు చుడుతుంది. పద్దెనిమిదో ఏట మిషను ముందు కూర్చున్న నాటి నుంచీ ఆరే, ఐదు కాదు, ఏడు కాదు. ఒకటో గుండీకి ఆరు, రెండో దానికి ఆరు, నాలుగూ ఐదూ వాటికీ ఆరే. మూడో దానికి నాలుగు. పోనీ లెమ్మనుకుంటే, ఆ నాలుగూ చుట్టిన తీరే వేరు. గోటితో తోస్తే తన చుట్లు కుడికి దిగుతాయి, ఇవి ఎడమకి దిగుతున్నాయి. ఎవరో కుట్టారు. ఓపిగ్గా, నీటుగా, పని తెలిసిన చేత్తో కుట్టారు. అడ్డదిడ్డంగా ఉంటే ఆయనే ఏ వాచ్‌మన్ దగ్గరో సూదీ దారం అడుక్కుని పొడిచేసుకున్నాడని నవ్వుకునేది, ఇంటికెళ్లి విప్పి మళ్లీ కుట్టేది. నీటుగా ఉండటంతోనే వచ్చింది చిక్కు.

పంతొమ్మిదేళ్ల కాపురంలో ఈ మనిషి చొక్కా గుండీ కూడా ఇంకో చెయ్యి తాకలేదు. అలాంటిది కోటు గుండీ. అది ఊడిందని తనకి చెప్పనేలేదు. గుండీ ఊడితే కుట్టే మనిషి ఇంట్లోనే ఉండగా బయట కుట్టించుకొచ్చాడంటే, అక్క వింటే అనేట్టు, గుండీ ఊడింది ఎక్కడో, ఎప్పుడో, ఎలాగో చెప్పడం ఇష్టం లేకనే. అక్కకి అసలు గుండీ సంగతి చెప్పలేదు తను, ప్రయాణం సంగతే చెప్పింది, ఫలానా జలపాతానికి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాం అని. అక్క ఫోన్లో, ఇన్నేళ్లూ లేని షికారు ఇప్పుడెందుకే, మగాడు ఉన్నట్టుండి మంచివాడైపోతే జేబులు తడిమి చూసుకోవాలి అంది. అక్క ఎవరైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. తడిమింది తను. జేబుల్లో ఏమీ లేదు, ఒక స్క్రూడ్రైవరు, ఒక పిప్పరమెంటు. జేబుల దగ్గర ఆగిపోయి ఉంటే సరిపోయేది, చెయ్యి అలవాటు కొద్దీ గుండీల మీదికి వెళ్లింది.

ఈ జలపాతం ఎవరికి తెలియదు, అగ్గిపెట్టెల మీద ఉంటుంది, బిస్కెట్ డబ్బాల మీద ఉంటుంది, షాపులో కత్తిరించే బల్ల పైన గోడకి వేలాడే కాలెండర్లో ఉంది. ఆ కాలెండర్ ఏడాది ఎప్పుడో అయిపోయింది, అంకెల కాగితాలన్నీ చింపేసి బొమ్మ ఒక్కటే ఉంచుకుంది. నల్లటి కొండ, దాని మీంచి మూడు పాయలుగా నీళ్లు, కింద పాయలకి అడ్డంగా సన్నటి చెక్క వంతెన, వంతెన మీద గొడుగు పట్టుకున్న ఎవరో ఒక మనిషి. పెళ్లయిన కొత్తలో చలికాలం వెళదాం, మంచు పట్టి ఉంటుంది, అప్పుడే చూడాలట అన్నాడు ఆయన. ఆ చలికాలం ఎవరిదో అర్జెంటు ఆర్డరు, మరుసటి చలికాలం ఆయనకి ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది, తర్వాత అత్తగారు మంచాన పడ్డారు, ఆ తర్వాత ఇక ఆ మాట ఎత్తడం మానేశారు. పోయిన వారం అన్నం తింటూ తింటూ, పోదామా అన్నాడు. ఎక్కడికి అంటే, చెప్పానుగా, అక్కడికి అన్నాడు, నిన్ననే చెప్పినట్టు. తను ఉలిక్కిపడింది కాని సరే అంది. సరే అన్నాక రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

లిఫ్టు మెకానిక్కు ఆయన. పనిలో ఒక పద్ధతి ఉంది ఆయనకి, లిఫ్టు బాగు చేశాక ఎవర్నీ ఎక్కనివ్వడు, తనొక్కడే ఖాళీ లిఫ్టులో పైదాకా వెళ్లి, కిందదాకా దిగి, మళ్లీ వెళ్లి దిగి, అప్పుడు తలుపు తీసి రండి అంటాడు. ఇంట్లోనూ అంతే. కొత్త కుర్చీ కొంటే ముందు తను కూర్చుని ఊగి చూస్తాడు, తర్వాతే ఆమె. ఇప్పుడున్న ఇంట్లోకి మారేముందు ఒక రాత్రి ఒంటరిగా చాపేసుకుని పడుకుని, కుళాయి చప్పుడు తప్ప భయం లేదని తేల్చుకున్నాక సామాను తెచ్చాడు. దాని మీద చుట్టాలంతా నవ్వేవాళ్లు, పెళ్లి కూడా ఒకసారి ఎక్కి దిగి చూసుకున్నావా ఏంరా అని. అంత చూసుకుని అడుగేసే మనిషి ఇప్పుడు గుండీ దగ్గర దొరికిపోయాడు. మోసం చేసేవాళ్లు పెద్ద పెద్దవి దాచుకుంటారు, చిన్నవి మర్చిపోతారు.

"ఆ బోర్డు మీద ఏం రాశారో చూడు," అన్నాడు ఆయన కిటికీ వైపు చూపిస్తూ.

"దుమ్ము కొట్టుకుపోయింది," అంది ఆమె అటు తిరక్కుండానే. ఇది మూడోసారి, ఆ గడియారంలో ఎంతయింది, ఆ కొండ మీద గుడిసెలెన్ని, ఈ బోర్డు మీద ఏముంది, మాట మళ్లించడానికి కాకపోతే ఈ మనిషికి బోర్డులతో ఏం పని. పూర్వమైతే ముఖంలోకి ఒక్కసారి సూటిగా చూసి తేల్చేసుకునేది. అబద్ధమాడితే ఆయన ఎడమ కనుబొమ్మ అదోలా లేస్తుంది, అత్తగారు చెప్పిన రహస్యం అది, పెళ్లిలో పెట్టిన సారెలన్నిటికంటే అదే ఎక్కువ అక్కరకొచ్చింది. ఇప్పుడు ముఖంలోకి చూస్తే కనుబొమ్మ లేదు. కళ్లు లేవు. ముఖం ఉండాల్సిన చోట గచ్చు మీద తడి ఆరని మరకలాంటిది ఒకటి, దాని చుట్టూ చెవులు, జుట్టు, కాలరు. ఏడాది అయింది మొదలై. సూదిలో దారం ఎక్కించబోతే సూది కన్ను మాయమయ్యేది, పక్కకి చూస్తే మళ్లీ వచ్చేది. లైనింగు గుడ్డ కొనడానికని చెప్పి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది, ఎనిమిది నెలల కిందట. మధ్యలో పోతుందమ్మా, అంచులు మిగులుతాయి, అద్దాలతో బాగయ్యేది కాదు అన్నాడు డాక్టరు, ఇంట్లోవాళ్లని తీసుకురండి అన్నాడు. లైనింగు గుడ్డ నిజంగానే కొనుక్కుని ఇంటికొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే షాపు మూసెయ్యమంటారు, ఈ వయసులో షాపు మూసేసి తను ఏం చేస్తుంది, కిటికీ దగ్గర కూర్చుని తనకి కనపడని వీధిని చూస్తుందా. వేళ్లున్నాయి. పాతికేళ్లుగా గుడ్డ చూసిన వేళ్లు. కత్తెర పట్టాల్సినవి కొత్తగా ఒప్పుకోవడం మానేసి, మార్పులూ అంచులూ గుండీలూ మాత్రం తీసుకుంటోంది, సూదులు ఇరవై ఒక్కసారే ఎక్కించుకుని ఉంచుకుంటోంది, ఒక్కోటి ఎంత సేపు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. కాని ఐదు నెలలుగా ఒక్క బట్టా తిరిగి రాలేదు. మొదట్లో ఒకటి రెండు వచ్చాయి, ఈ ఐదు నెలల్లో ఒక్క ఫిర్యాదూ లేదు. అదొక్కటే ధైర్యం ఆమెకి, రాత్రిళ్లు దాన్నే తలుచుకుని కళ్లు మూసుకుంటుంది.

అవును, దాస్తోంది తను కూడా. కాని అది వేరు, ఇది వేరు.

ఎండాకాలం పోతూ పోతూ ఉన్న రోజుల్లో ఒక పొద్దున ఆయన స్నానాల గదిలోంచి వచ్చి, షాపుకి బయలుదేరుతున్న ఆమె ఎదురుగా నిలబడ్డాడు. సబ్బు వాసన. ఏమిటి అంది తను. ఏం లేదు అన్నాడు, కాని కదల్లేదు, అడ్డంగా నిలబడే ఉన్నాడు, ఆమె ఏదో అనాలన్నట్టు, లేదా తనే ఏదో ఒప్పుకోవాలన్నట్టు. దారివ్వండి, ఆలస్యమవుతోంది అంది. పక్కకి జరిగాడు. ఆ తర్వాతి రోజూ అంతే, మూడో రోజూ అంతే. చెప్పబోయి, ధైర్యం చాలక ఆగిపోయాడని అప్పుడనిపించలేదు, ఇప్పుడనిపిస్తోంది. ఆ తర్వాత మెల్లగా మొదలయ్యాయి మంగళవారాలు, శుక్రవారాలు. ఆ రెండు రోజులూ గంట ఆలస్యం. ఓవర్‌లోడు అంటాడు, కేబులు అంటాడు, ఫలానా బిల్డింగులో మూడో అంతస్తు దగ్గర తలుపు మూసుకోవడం లేదు అంటాడు. అన్ని తలుపులూ మంగళ శుక్రవారాల్లోనే పాడవుతాయి కాబోలు. ఇంటికొస్తే చేతులకి గ్రీజు వాసన ఉండాలి కదా, మెకానిక్కు చేతులకి, ఉండదు. గంజి వాసన. వేడి ఇస్త్రీ పెట్టె కింద తడి గుడ్డ నుంచి లేచే ఆవిరి వాసన. కళ్లు పోతుంటే ముక్కు పదునెక్కుతుందని డాక్టరు చెప్పలేదు.

షాపుకి ఎదురుగా లాండ్రీ ఉంది. లాండ్రీ ఆవిడకి భర్త పోయి ఆరేళ్లు, పొడుగ్గా ఉంటుంది, నవ్విందంటే వీధి అటు చివరికి వినపడుతుంది. కుట్టిన బట్ట ఏదైనా ఇస్త్రీ పడ్డాకే ఇస్తుంది తను, కుట్టినవి సాయంత్రం హ్యాంగర్ల మీద ఆవిడ దగ్గరికి వెళతాయి, వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం పొద్దున, అక్కణ్ణుంచి తిరిగొస్తాయి, వచ్చినవాళ్లు పట్టుకెళతారు. మోసేది ఎవరు, ఆయనే. నువ్వెందుకు మోస్తావు, నేనిస్తాలే అన్నాడు ఎప్పుడో, ఎంత మంచివాడో అనుకుంది. లాండ్రీల్లో గుండీలు కుడతారు. ఊడిన గుండీ కుట్టి ఇవ్వడం లాండ్రీ మర్యాద. నాలుగు చుట్లు చుట్టే చెయ్యి ఎవరిదో తెలియడానికి ఇంకేం కావాలి. ఆవిడ మంచిదే, అదే కడుపుమంట, తుమ్మితే చాలు అల్లం టీ పంపించే మనిషి. ఈమధ్య మరీ మెత్తగా మాట్లాడుతోంది తనతో. జబ్బుపడ్డవాళ్లతో మాట్లాడినట్టు, అన్యాయం చేసినవాళ్లు మాట్లాడినట్టు. ఆవిడ గొంతులో ఆ మెత్తదనం తలుచుకుంటే బస్సులో ఉన్న చలంతా పోయి ఒళ్లు మండింది.

అడిగేస్తుంది ఇవాళ. జలపాతం ఎదురుగా నిలబెట్టి అడిగేస్తుంది. ఇంట్లో అడిగితే లేచి వెళ్లిపోతాడు, కొండ మీద ఎక్కడికి వెళతాడు, సాయంత్రం బస్సు దాకా. అవుననే అంటే? అంటే ఏం చేస్తుందో మాత్రం ఆలోచించలేకపోయింది. రేపు అంచులు కూడా పల్చబడితే చెయ్యి పట్టుకుని వీధి దాటించేవాళ్లు ఎవరున్నారు, ఈయన తప్ప. ఆ లెక్క మనసులోకి రాగానే సిగ్గేసింది, మొగుణ్ణి చేతికర్ర కింద చూస్తున్నానా అని. కాదు. ఆ గొంతు లేకపోతే ఇల్లు ఇల్లుగా ఉండదు, అదీ సంగతి. అది కూడా ఇవాళే తెలిసింది, ఈ దిక్కుమాలిన గుండీ వల్ల.

బస్సు ఆగింది. దిగగానే చలి ముక్కులోకి సూదిలా వెళ్లింది. ఆయన కోటు తొడుక్కుని, ఆమె చెయ్యి పట్టుకుని, ఎవర్నీ అడక్కుండా, ఇటు టిక్కెట్లు, అటు ఆడవాళ్ల మరుగుదొడ్లు, ఆ పక్కన టీ కొట్టు అని చెప్పుకుంటూ నడిచాడు. మొదటిసారి వచ్చిన మనిషికి ఇన్ని తెలుస్తాయా. టీ కొట్టు దగ్గర పొయ్యి వేడి ముఖానికి తగిలింది, గ్లాసులు చప్పుడయ్యాయి, కొట్టు ఆవిడ గొంతు వినపడింది.

"మళ్లీ వచ్చారే! పది రోజులు కాలేదు. చెయ్యి తగ్గిందా?"

ఆయన నీళ్లు నమిలాడు. ఆఁ, ఊఁ, తగ్గింది, రెండు టీలివ్వండి అన్నాడు. పది రోజుల కిందట అరచేతికి కట్టుతో ఇంటికొచ్చాడు, లిఫ్టు తలుపు కొట్టుకుంది అన్నాడు, పసుపు పెట్టి ఊదింది తను, చిన్నపిల్లాడికి ఊదినట్టు. గ్లాసు ఆమె చేతిలో ఉంది, టీ వేడిగా ఉంది. అయితే ఇక్కడికే వచ్చాడన్నమాట. తనతో పంతొమ్మిదేళ్లు కుదరని చోటికి, పది రోజుల్లో రెండుసార్లు. మొదటిసారి ఆవిడతో. చూసి, బాగుందనుకుని, పాపం పెళ్లాన్ని కూడా ఒకసారి తీసుకొద్దామనుకున్నాడు. ఖాళీ లిఫ్టులో ఎక్కి దిగడం అంటే ఇదేనేమో. టీ చల్లారిపోయేదాకా పట్టుకుని, తాగకుండా బల్ల మీద పెట్టేసింది.

మెట్ల దగ్గర ఆయన ఆగి, తన మెడలోని మఫ్లరు తీసి ఆమె మెడకి చుట్టాడు. చుడుతుంటే ఏదో లాగింది మనసులో, ఏదో అటుది ఇటుగా ఉన్నట్టు, ఏమిటో అందలేదు, కోపంలో ఉంది, వదిలేసింది. దిగుతున్నారు. ఆయన ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, పక్కనే ఉన్న ఆయన నోటిలోంచి చిన్న చప్పుడు, పెదవుల్లో ఏదో గొణుగుడు. చెవి పెట్టి వింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. మెట్లు లెక్కపెడుతున్నాడు. ఎవరితో దిగిన మెట్లు నెమరేసుకుంటున్నాడు. పదహారు అనగానే ఉన్నట్టుండి ఆమెకి అటువైపుకి మారాడు, లోయ వైపుకి, ఆమెని కొండ గోడ వైపుకి నెట్టి, నాలుగు మెట్లు దిగాక మళ్లీ ఇటు మారాడు. ఏమిటీ నాట్యం అనుకుంది. నలభై రెండు అన్నాక కాలి కింద రాతి గచ్చు తగిలింది, చేతికి ఇనప కమ్మీ తగిలింది, మంచు ముక్కలా ఉంది. ఎదురుగా పెద్ద తెల్లదనం, దాని మధ్య తన మరక. నీటి చప్పుడు అనుకున్నంత లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన.

అడగాల్సింది తను. ముందు ఈ ప్రశ్నకి ఏదో ఒకటి చెప్పి ఆయన్ని దారిలో పెట్టాలి, అప్పుడు పట్టుకోవాలి. కాలెండర్ బొమ్మ కళ్ల ముందు పరుచుకుంది, కళ్లు మూసుకున్నా గీయగలదు దాన్ని.

"బొమ్మలో కంటే బాగుంది," అంది. "మూడు పాయలూ ఎంత తెల్లగా ఉన్నాయో. కింద ఆ వంతెన చూడండి, మంచు పట్టి ముద్దొస్తోంది."

పక్కన ఎవరో ఫొటోలు తీసుకుంటూ నవ్వుకుంటున్నారు, వాళ్లు వెళ్లిపోయేదాకా ఆయన ఆగాడు.

"వంతెన లేదు," అన్నాడు చివరికి, మెల్లగా. "పోయినేడు వరదలో కొట్టుకుపోయింది. రెండు పాయలు గడ్డ కట్టేశాయి. ఒకటే పారుతోంది."

పప్పులో కాలేసింది. మామూలుగా కాదు, మోకాలి దాకా వేసింది. దొరికిపోయినవాళ్లు ఏం చేస్తారో ఆమె అదే చేసింది, ఎదురు తిరిగింది. అడగాలని దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"పది రోజుల కిందట ఇక్కడికి ఎవరితో వచ్చారు?"

"ఎవరితో ఏమిటి. ఒక్కణ్ణే." ఆయన గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది, కనుబొమ్మ చూడక్కర్లేకుండానే తెలిసింది. "నిన్ను దించేముందు మెట్లు చూసుకోవద్దూ? పదిహేడో మెట్టు దగ్గర కమ్మీ లేదు. అక్కడే జారాను. కోటు విరిగిన రాడ్డు మొనకి పట్టుకుని గుండీ ఊడింది, చెయ్యి కోసుకుంది."

ఖాళీ లిఫ్టు. పైదాకా వెళ్లి, కిందదాకా దిగి, అప్పుడు తలుపు తీసి రమ్మంటాడు. నలభై రెండు మెట్లు ఆయన ఆమె కోసం ఒక్కడే దిగాడు, ఒక్కడే ఎక్కాడు. ఇంత తెలిసినవాడికి ఇంకేం తెలుసో అర్థమై, అడగాలని లేకపోయినా అడిగింది, ఎప్పుడు తెలిసింది అని.

"ఎండాకాలం చివర్లో మీసం తీసేశాను," అన్నాడు. "నవ్వుతావనుకున్నాను. ఎదురుగా వచ్చి నిలబడ్డాను. నువ్వు దారివ్వమన్నావు. పదకొండు రోజులు చూశాను, నువ్వేమీ అనలేదు. ఎవరైనా నీ ముందు అనేస్తారేమోనని భయమేసి మళ్లీ పెంచేశాను."

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు, కమ్మీని స్క్రూడ్రైవరుతో కొడుతూ, ఎప్పుడూ అంతే, చేతిలో ఏదో ఒకటి లేకపోతే మాట రాదు. ఇస్త్రీకి వెళ్లిన ఒక నల్ల కోటులో నల్ల గుండీల మధ్య ఒక గోధుమరంగుది ఉందట. లాండ్రీ ఆవిడ చూసింది. తనతో ఒక్క మాట అనలేదు, ఆయన్ని పిలిచి చూపించింది, ఇది బయటికి వెళితే మీ ఆవిడ పరువు పోతుంది, నేను కుట్టేస్తాను అంది. వద్దు, నేర్పండి, నేనే కుడతాను అన్నాడట ఈయన. అప్పట్నుంచీ మంగళవారాలు, శుక్రవారాలు, తప్పుగా కుట్టినవన్నీ ఆ ఇస్త్రీ బల్ల చివర కూర్చుని విప్పి కుడుతున్నాడు. ఐదు నెలలుగా ఒక్క బట్టా తిరిగి రాలేదు. ఆమె ధైర్యం అంతా అది. ఇప్పుడు తెలిసింది ఆ ధైర్యం ఎవరు కుట్టినదో. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, ఆయన మీద కాదు, ఆవిడ మీద, అల్లం టీల మీద, ఆ మెత్తటి గొంతు మీద. నేను చెప్పకముందే నా సంగతి ఆవిడకి తెలుసన్నమాట అంది. మొగుడు తప్పు చేసి ఉంటే ఇంత అవమానంగా ఉండేది కాదేమో, అరిచేది, అక్క దగ్గరికి వెళ్లిపోయేది, ఈ మంచితనాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వెళుతుంది.

గాలికి మఫ్లరు ఒక కొస జారింది. ఆయన మళ్లీ తీసి చుట్టాడు, మెడ వెనకనుంచి ముందుకి, ఎడమచేత్తో, అందరూ చుట్టే వైపుకి కాక రెండో వైపుకి. అందింది ఇప్పుడు. ఎడమచేతివాటం మనిషి. పంతొమ్మిదేళ్లుగా అన్నం కలిపే చెయ్యి తప్ప అన్నీ ఎడమే. లాండ్రీ ఆవిడ కుడిచేత్తో కుడుతుంది, తనలాగే. ఆవిడ చుట్టినా ఆ చుట్లు కుడికే దిగుతాయి. గుండీని వేళ్లతో వెతికి పట్టుకుంది, గోటితో తోసి చూసింది, ఎడమకి. ఇంతసేపూ ఆ చెయ్యి పక్కనే ఉంది, తన మోచెయ్యి పట్టుకుని. పాతికేళ్లు గుడ్డని చదివిన వేళ్లు ఇంటివాడి చెయ్యిని చదవలేకపోయాయి.

"ఇది మీరు కుట్టారు," అంది.

"బాగా రాలేదా?"

ఆమె తల తిప్పి, జలపాతం వైపు సూటిగా చూసింది, మరక వెళ్లి నీళ్ల మీద పడింది, నీళ్లు పోయాయి. కాని పక్కన, కంటి అంచున, ఆయన ముఖం వచ్చింది. మసగ్గానే, అయినా వచ్చింది. చలికి ఎర్రబడ్డ ముక్కు, కింద మీసం, ఒక వైపు కాస్త తక్కువగా కత్తిరించుకున్నాడు. ఇప్పుడు ఆయన వైపు తిరిగి ముఖంలోకి చూసింది, ముఖం పోయింది, అంచున జలపాతం లేచి నిలబడింది, పైనుంచి కిందదాకా గడ్డ కట్టిన తెలుపు, మధ్యలో ఎక్కడో కదులుతున్న సన్నటి గీత. కింద నిజంగానే వంతెన లేదు. అలా అటూ ఇటూ తిరుగుతూ ఎంతసేపు నిలబడిందో, ఏం చేస్తున్నావు అన్నాడు ఆయన. చూస్తున్నాను అంది. ఎలా చూడాలో ఆయనకి చెప్పింది, మిమ్మల్ని చూడాలంటే నీళ్ల వైపు చూడాలి, నీళ్లు చూడాలంటే మీ వైపు చూడాలి అని. డాక్టరు చెప్పిందీ చెప్పింది, మధ్యలో పోతుంది, అంచులు మిగులుతాయి, ఎన్నాళ్లో తెలియదు. లైనింగు గుడ్డ సంగతి కూడా చెప్పింది. ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసి, ఊరికే విన్నాడు.

పైకెక్కుతున్నప్పుడు మెట్లు ఇద్దరూ లెక్కపెట్టారు, పైకే, వినపడేలా, ఎదురొచ్చినవాళ్లు పక్కకి తప్పుకునేలా. టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు, బస్సుకి ఇంకా అరగంట ఉంది. కొట్టు ఆవిడ అడక్కుండానే వేడి టీ పోసింది, ఈసారి తాగింది. తాగాక ఆయన కోటు మూడో గుండీ దగ్గరికి వంగి, దారాన్ని పంటితో పుటుక్కున కొరికేసింది. అయ్యో అన్నాడు ఆయన. గుండీ అరచేతిలో పెట్టుకుంది, చేతిసంచిలోంచి సూదుల డబ్బా తీసింది, దారం తెగ్గొట్టి సూదీ దారం రెండూ ఆయన ముందుకి జాపింది. మొదటిసారికే ఎక్కించాడు, తడుముకున్న చప్పుడు లేకపోవడం ఆమె చెవులకి తెలిసింది, ఈర్ష్య కూడా కలిగింది. ఆయన కుడుతుంటే ఆమె తన వేలు ఆయన వేలి మీద ఉంచింది. నాలుగు రంధ్రాల్లోంచీ పోయింది సూది, సందు వదిలాడు, బాగానే వదిలాడు. చుట్టడం మొదలుపెట్టాడు, ఎడమకి, ఆయన చేతికి అదే కుదురు, మార్చమనలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగి, ముడి వెయ్యబోయాడు.

"ఇంకో రెండు," అంది ఆమె. "ఆవిడ మీకు నాలుగే నేర్పింది. మన షాపులో ఆరు. ఇకమీదట మంగళవారం, శుక్రవారం సరాసరి షాపుకి రండి."